ఇంటింటి సామాను: కెమేరాకు మారు ఛార్జరు

పోయిన నెల ఈ శీర్షిక క్రింద ఫోటో కార్డులను తేమ తగలకుండా దాచుకునే విధానం వ్రాశాము. దానికి వచ్చిన జాబులలో సగానికి పైగా కార్డుల మాట వదలిపెట్టి వేరొక కష్టం చెప్పుకున్నవే. కెమేరా ఉన్నది, బ్యాటరీ ఉన్నది, ఛార్జరు మాత్రం ఎక్కడ పోయిందో తెలియదని హోసూరు నుంచి ఒకరు వ్రాశారు. ఇల్లు మారినప్పుడు పాత సామానుతో పాటు వెళ్లిపోయిందని బళ్లారి నుంచి ఒకరు. ఎలుక తీగె కొరికివేసిందని షోలాపురం నుంచి మరొకరు. కారణాలు ఏవైనా ఫలితం ఒక్కటే. వేలు పోసి కొన్న కెమేరా బీరువాలో పట్టుచీరల క్రింద పడి ఉన్నది.

చేతిలో ఫోను ఉండగా ఇంకా కెమేరాల గోల ఎందుకని అడిగేవారు ఉన్నారు. నిజమే. కాని 2000 సంవత్సరం దాటిన తరువాత ఒక పది పన్నెండేళ్లపాటు మన ఇళ్లలో జరిగిన బారసాలలు, ఒడుగులు, షష్టిపూర్తులు చాలవరకు ఈ చిన్న కెమేరాలతో తీసినవే గదా. ఫోనులు చక్కని ఫోటోలు తీయడం నేర్చిన తరువాత ఇవి మూలపడ్డాయి. మళ్లీ 2023 ప్రాంతం నుంచి కాలేజీ పిల్లలు అమ్మానాన్నల బీరువాలు వెదికి వీటిని బయటకు తీసి, వీటితోనే ఫోటోలు తీసుకోవడం ఒక వేడుకగా పెట్టుకున్నారు. ఆ వేడుక ఎన్నాళ్లు ఉంటుందో గాని, అంగళ్లలో ఛార్జర్లు అడిగేవారు మాత్రం పెరిగారు.

కొత్త కెమేరా కొన్నవారికీ ఈ బెడద తప్పలేదు. ఐరోపా సమాఖ్య చట్టం ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే డిజిటల్ కెమేరాలకు యు.ఎస్.బి. సి రకపు రంధ్రం ఉండవలె. ఛార్జరు వద్దనుకున్న వారికి ఛార్జరు లేకుండానే అమ్మవలె. ఈ పద్ధతి మన దేశానికీ వచ్చింది. చాలా కొత్త కెమేరాల పెట్టెలో విడి ఛార్జరు ఉండడం లేదు. ఫోనుకు తగిలించినట్లే తీగెను కెమేరాకే తగిలించుకోమంటున్నారు. దూరప్రయాణంలో అది సౌకర్యమే. పెళ్లి ఇంట్లో మాత్రం ఇబ్బంది. కెమేరా గోడకు కట్టివేసిన ఆవు వలె ఒక మూల ఉండిపోతుంది. జీలకర్ర బెల్లం దాని కోసం ఆగదు. ఒక బ్యాటరీ కెమేరాలో, మరొకటి విడి ఛార్జరులో ఉంటే తాళిబొట్టు మొదలు అప్పగింతల వరకు భయం లేదు.

ఇంటి తలుపుకు మారు తాళంచెవి చేయించుకోని గృహస్థు ఉండడు. కెమేరాకు మారు ఛార్జరు ఉంచుకున్నవారు మాత్రం అరుదు. అయితే ఈ రెంటికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. మారు తాళంచెవి సరైనది కాకపోతే తలుపు తెరుచుకోదు, అంతటితో సరి. మారు ఛార్జరు తప్పుది అయినా బ్యాటరీ దానిలో చక్కగా కూర్చుంటుంది, దీపం వెలుగుతుంది, అంతా సవ్యంగానే ఉన్నట్లు కనిపిస్తుంది. హాని తరువాత ఎప్పుడో బయటపడుతుంది. అందుచేత "పట్టిందా లేదా" అని చూసి కొనడం ఈ వస్తువు విషయంలో పనికిరాదు.

దీనికి కారణం తెలియవలెనంటే బ్యాటరీ ఎట్లా నిండుతుందో కాస్త తెలుసుకోవలె. నేటి కెమేరాలలో చాలవరకు ఉన్నవి లిథియం అయాన్ బ్యాటరీలు. వీటిని మొదట 1991లో సోనీ కంపెనీ వారు బజారుకు తెచ్చారు. వీటికి మూలమైన పరిశోధన చేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానం వచ్చింది. ఈ బ్యాటరీ లోపలి ఒక్కొక్క గదికి సాధారణంగా 3.6 లేక 3.7 వోల్టులు అని వ్రాస్తారు. పూర్తిగా నిండినప్పుడు అది 4.2 వోల్టులకు చేరుతుంది. అక్కడ ఆగిపోవలె. ఆ గీత దాటి ఇంకా ఎక్కిస్తే బ్యాటరీ వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, దాని ఆయువు తగ్గుతుంది. మరీ దాటితే నిప్పు అంటుకోవడమూ జరగవచ్చును.

వంటింట్లో బిందె నింపే ఇల్లాలు ఏం చేస్తుంది? మొదట కొళాయి పూర్తిగా తిప్పుతుంది. నీళ్లు మెడ దాకా వచ్చేసరికి ధార సన్నం చేస్తుంది. అంచు దాకా రాగానే కట్టివేస్తుంది. మంచి ఛార్జరు చేసేది అచ్చంగా ఇదే. మొదట ఒకే పాళంగా కరెంటు ఇస్తుంది, గదికి 4.2 వోల్టులు రాగానే వోల్టులు అక్కడే నిలిపి, కరెంటును అంతకంతకూ తగ్గించుకుంటూ వచ్చి, చివరకు మానివేస్తుంది. చవకరకం ఛార్జర్లలో కొన్నింటికి ధార సన్నం చేయడం గాని, వేళకు కట్టివేయడం గాని సరిగా తెలియదు. బ్యాటరీ లోపల కూడా ఒక చిన్న రక్షణ పలక ఉంటుంది గాని, దానిని నమ్ముకుని కూర్చోరాదు. అది ఆఖరి కాపు. నకిలీ బ్యాటరీలలో అది కూడా ఉన్నదో లేదో చెప్పలేము.

ఇక అంగడికి వెళ్లేముందు చేయవలసిన పని. బ్యాటరీని కెమేరా నుంచి తీసి, వెలుతురులో పెట్టి, అవసరమైతే భూతద్దం పట్టుకుని దాని మీది చిన్న అక్షరాలు చదవండి. మూడు సంగతులు కాగితం మీద వ్రాసుకోండి: బ్యాటరీ సంఖ్య, వోల్టులు, మిల్లీ ఆంపియరు గంటలు. కెమేరా సంఖ్య చెప్పి ఛార్జరు అడగడం కన్న బ్యాటరీ సంఖ్య చెప్పి అడగడం మేలు. ఒకే పోలిక గల రెండు కెమేరాలకు వేర్వేరు బ్యాటరీలు ఉండడం సర్వసాధారణం. అన్నిటికన్న ఉత్తమం, బ్యాటరీనే రుమాలులో చుట్టి వెంట తీసుకుపోవడం.

వోల్టుల సంగతి ముందు చూడవలె. బ్యాటరీ మీద 3.6 లేక 3.7 అని ఉంటే అది ఒక గది బ్యాటరీ. దాని ఛార్జరు వెనుక ఔట్‌పుట్ అన్న చోట 4.2 వోల్టులు ఉండవలె. చిన్న జేబు కెమేరాలు దాదాపు అన్నీ ఇవే. కేనన్ వారి ఎన్.బి.–4ఎల్, ఎన్.బి.–6ఎల్, సోనీ వారి ఎన్.పి.–బి.ఎన్.1 ఈ కోవకు చెందినవి. బ్యాటరీ మీద 7.2 లేక 7.4 అని ఉంటే లోపల రెండు గదులు ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయని అర్థం. వాటి ఛార్జరుకు 8.4 వోల్టులు, లేదా దానికి ఒక పిసరు తక్కువ, ఉంటుంది. కేనన్ ఎల్.పి.–ఇ6, ఎల్.పి.–ఇ8, నికాన్ ఇ.ఎన్.–ఇ.ఎల్.14, సోనీ ఎన్.పి.–ఎఫ్.డబ్ల్యు.50 వంటి పెద్ద కెమేరాల బ్యాటరీలు ఇటువంటివి. నికాన్ ఇ.ఎన్.–ఇ.ఎల్.15 మీద 7.0 అని ఉంటుంది. కంగారు పడనక్కరలేదు, అదీ రెండు గదులదే, దాని ఛార్జరూ 8.4 వోల్టులదే.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఇటీవల వచ్చే కొన్ని బ్యాటరీల మీద, ముఖ్యంగా తలపాగాకూ సైకిలుకూ తగిలించుకునే చిన్న యాక్షన్ కెమేరాల బ్యాటరీల మీద, 3.8 లేక 3.85 అని ఉంటుంది. వీటి హద్దు 4.2 కాదు, 4.35, 4.4 వరకు పోతుంది. ఆ ఛార్జరులో మన పాత 3.7 బ్యాటరీని ఎట్లాగో ఇరికించి పెడితే హద్దు దాటించినట్లే. చూడడానికి తేడా పదింట ఒకటిన్నర, రెండు వంతుల వోల్టు మాత్రమే. బిందె అంచుకూ నేలకూ మధ్య తేడా కూడా అంతే గదా.

మిల్లీ ఆంపియరు గంటల సంఖ్య బ్యాటరీలో ఎంత సరుకు పడుతుందో చెప్తుంది. ఇది ఛార్జరుతో సరిగ్గా సరిపోవలెనన్న నియమం లేదు. ఉదాహరణకు ఎల్.పి.–ఇ6 జాతి బ్యాటరీ మొదట 1800తో వచ్చింది, తరువాత 1865 అయింది, ఆ పిమ్మట 2130 అయింది. వోల్టులు, ఆకారం ఒకటే గనుక పాత ఛార్జరే వీటిని నింపుతుంది, కాస్త ఎక్కువ సేపు పడుతుంది అంతే. ప్రసంగవశాత్తు ఒక మాట: కంపెనీ వారే 2130 దగ్గర ఆగినప్పుడు, అదే ఆకారంలో 3000 అని అచ్చు వేసి సగం ధరకు అమ్మేవారి మాట నమ్మనవసరం లేదు.

ఛార్జరు మీద ఆంపియర్లు కూడా వ్రాసి ఉంటాయి. ఈ సంఖ్య బ్యాటరీ సామర్థ్యాన్ని మించకుండా ఉంటే చాలు. 1000 మిల్లీ ఆంపియరు గంటల బ్యాటరీకి అర ఆంపియరు మొదలు ముప్పాతిక ఆంపియరు వరకు హాయిగా ఇవ్వవచ్చును. త్వరగా నింపుతుందని గొప్ప చెప్పే ఛార్జరు మీద మాకు పెద్ద మోజు లేదు. కేనన్ వారి సొంత ఛార్జరు 1.2 ఆంపియర్లతో ఎల్.పి.–ఇ6ను నింపడానికి సుమారు రెండున్నర గంటలు తీసుకుంటుంది. అర ఆంపియరు ఇచ్చే మారు ఛార్జరుకు నాలుగున్నర, అయిదు గంటలు పట్టవచ్చును. ఆలస్యం దోషం కాదు. ముందుగా తెలిసి ఉంటే రాత్రి భోజనాలకు ముందే పెట్టుకోవచ్చును.

బరంపురం నుంచి ఒక సోదరి వ్రాసిన జాబుకు ఇక్కడే జవాబు చెప్పవలె. ఆమె అత్తగారు గతించి ఆరేళ్లయినదట. ఆమె ఆఖరి సంక్రాంతికి ముగ్గు ముందు కూర్చుని మనుమలతో దిగిన ఫోటోలు ఒక పాత నికాన్ కూల్‌పిక్స్ కెమేరాలో ఉన్నవి. ఆ రోజు కార్డు లోపల పెట్టడం మరచిపోయారు. కెమేరా తనలోని సొంత జాగాలోనే ఫోటోలు దాచుకున్నది. తరువాత ఛార్జరు పోయింది. ఒక అంగడివారు ఆ ఛార్జరు తయారు కావడం మానేసిందని అన్నారట. మరొక అంగడివారు రెండు కదిలే పిన్నులతో ఏ బ్యాటరీకైనా సరిపడే ఛార్జరు చూపించారట. "అది పెడితే ఫోటోలు పోతాయేమోనని భయంగా ఉన్నది. ఇన్నేళ్లు బ్యాటరీ లేకుండా ఉన్నందుకు ఇప్పటికే పోయి ఉంటాయా?" అని అడిగారు.

అమ్మా, ముందుగా ధైర్యం తెచ్చుకోండి. ఆ ఫోటోలు బ్యాటరీ ఆధారం మీద నిలిచినవి కావు. కార్డులో ఉండేటటువంటి పదార్థమే కెమేరా లోపల కూడా ఉంటుంది. బ్యాటరీ ఎండిపోయినంత మాత్రాన అవి చెరిగిపోవు. విడి ఛార్జరు బ్యాటరీని కెమేరా వెలుపలనే నింపుతుంది గనుక దాని వల్ల ఫోటోలకు హాని రాదు. మీరు వ్రాసిన బ్యాటరీ సంఖ్య ఇ.ఎన్.–ఇ.ఎల్.10. అది 3.7 వోల్టులది. ఒలింపస్ వారి ఎల్.ఐ.–42బి, ఫ్యూజీఫిల్మ్ వారి ఎన్.పి.–45 అదే కొలతలో, అదే వోల్టులతో వచ్చినవే. కాబట్టి నికాన్ పేరుతో దొరకకపోతే ఆ పేర్లతో అడగండి. వేరే కంపెనీలు చేసే మారు ఛార్జర్ల వెనుక తరచు ఈ పేర్లన్నీ వరుసగా వ్రాసి ఉంటాయి. అన్నేళ్లు ఖాళీగా పడి ఉన్న పాత బ్యాటరీ తిరిగి లేవడం అనుమానమే. ఛార్జరుతో పాటు కొత్త బ్యాటరీ కూడా తీసుకోండి. పాతదానిని బలవంతాన లేపడానికి అంగడివారు వేరే తీగెలు తగిలించబోతే ఒప్పుకోవద్దు.

కెమేరా వెలిగిన తరువాత తొందరపడకండి. కార్డు పెట్టకుండానే తెరచి చూస్తే లోపలి ఫోటోలు కనిపిస్తాయి. కార్డు పెడితే కెమేరా కార్డులోవే చూపిస్తుంది. కనిపించలేదని గాభరా పడవద్దు. కనిపించిన పిమ్మట కెమేరా ఆర్పి, చిన్న ఎస్.డి. కార్డు ఒకటి పెట్టి, ఫోటోలు చూసే పట్టికలో కాపీ అనే అంశం ఎంచుకుని, కెమేరా నుంచి కార్డుకు అన్నదానిని నొక్కండి. కెమేరా పాతది గనుక 64 జీబీ, 128 జీబీ కార్డులు దానికి తెలియవు. 2 జీబీది ఇంట్లో ఎక్కడైనా ఉంటే అది వెదకి తీయండి. తీగెతో కంప్యూటరుకు తగిలించి దింపుకున్నా సరే. ఒక్క జాగ్రత్త మాత్రం రెండుసార్లు చదవండి: కార్డు లోపల లేనప్పుడు ఫార్మాట్ అనే మాట తెర మీద కనిపిస్తే దాని జోలికి పోవద్దు. అది లోపలి ఫోటోలన్నీ తుడిచివేస్తుంది. పిల్లల చేతికి ఇవ్వకుండా, పగటివేళ, తీరికగా కూర్చుని మీరే చేయండి.

ఆమె చెప్పిన ఆ కదిలే పిన్నుల ఛార్జరు సంగతి. ఒకప్పుడు ఫోను బ్యాటరీలు విడిగా ఊడివచ్చే రోజుల్లో ఇది ఊరూరా ఉండేది. బ్యాటరీని పట్టుకారు వలె అదిమి, రెండు పిన్నులను కూడిక, తీసివేత గుర్తులున్న రేకుల మీదికి జరుపుతారు. అత్యవసరంలో, ఒక గది బ్యాటరీకి, మనిషి దగ్గర కూర్చుని ఉన్నప్పుడు వాడవచ్చునేమో గాని దీనిని ఇంటి ఛార్జరుగా పెట్టుకోవడం మాకు సమ్మతం కాదు. బ్యాటరీకి రెండు రేకులే కాక మూడు, నాలుగు ఉండడం మీరు చూసే ఉంటారు. ఆ అదనపు రేకులలో ఒకటి చాలా బ్యాటరీలలో లోపలి వేడిని తెలిపేది. మంచి ఛార్జరు ఆ రేకును తాకి, వేడి ఎక్కువైతే ఆగుతుంది. రెండు పిన్నుల ఛార్జరుకు అది తెలిసే మార్గం లేదు. పైగా పిన్ను కాస్త జారి పక్క రేకును తాకితే ఏమి జరుగుతుందో చెప్పలేము.

కొనేచోటు గురించి. చెన్నపట్నంలో రిచ్చీ వీధి, బెంగళూరులో ఎస్.పి. రోడ్డు, బొంబాయిలో లామింగ్టన్ రోడ్డు ఈ సరుకుకు పేరు పొందినవి. దగ్గరలో ఉన్నవారు బ్యాటరీ వెంట తీసుకుపోయి అక్కడే పెట్టి చూసుకోవచ్చును. కెమేరా కంపెనీ వారి సొంత ఛార్జరు దొరికితే ధర ఎక్కువైనా అదే మొదటి ఎంపిక. దొరకనప్పుడు తయారుచేసినవారి పేరు, ఇన్‌పుట్, ఔట్‌పుట్ అంకెలు స్పష్టంగా అచ్చయిన ఛార్జరు తీసుకోవలె. ఔట్‌పుట్ అంకె అసలు లేని ఛార్జరును ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మన దేశంలో అమ్మే అడాప్టర్లకూ, లిథియం బ్యాటరీలకూ భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. ఐ.ఎస్. సంఖ్య, దానితో పాటు ఆర్ అనే అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటుంది. అడాప్టరుకు ఐ.ఎస్. 13252, బ్యాటరీకి ఐ.ఎస్. 16046. ఈ గుర్తు ఉన్నంత మాత్రాన వస్తువు మేలైనదని కాదు గాని, లేనిదానిని కొనకపోవడానికి అది చాలిన కారణం.

ఇప్పుడు ఎక్కువగా దొరికేవి యు.ఎస్.బి. తీగెతో పనిచేసే జంట గూళ్ల ఛార్జర్లు. చిన్నవి, తేలికైనవి, రెండు బ్యాటరీలు ఒకేసారి పెట్టవచ్చును. వీటి విషయంలో వచ్చే ఫిర్యాదు ఒకటే: "రాత్రంతా పెట్టినా నిండలేదు." తప్పు తరచు ఛార్జరుది కాదు, దాని వెనుక ఉన్న పాత ఫోను అడాప్టరుది. 5 వోల్టులు, 1 ఆంపియరు ఇచ్చే అడాప్టరు శక్తి 5 వాట్లు. ఎల్.పి.–ఇ6 రకం 1865 బ్యాటరీలో పట్టే శక్తి సుమారు 13.4 వాట్ గంటలు. రెండు బ్యాటరీలు పెడితే దాదాపు 27. అయిదేసి చొప్పున ఇస్తూ పోతే అయిదున్నర గంటలు. మధ్యలో వేడిగా పోయేది కూడా కలిపితే ఆరేడు గంటలు. కంప్యూటరుకు తగిలిస్తే ఇంకా ఎక్కువ. 2 ఆంపియర్ల అడాప్టరు పెట్టి చూడండి, సగం ఫిర్యాదు తీరుతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన ఛార్జర్ల గురించి ముగ్గురు అడిగారు. ఇన్‌పుట్ అన్న చోట 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు నిర్భయంగా వాడవచ్చును. బల్లపరుపు పిన్నులు మన సాకెట్టులో పట్టవు గనుక పిన్నులు మార్చే చిన్న తొడుగు కావలె. ఆ తొడుగు పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టులను మార్చదు. ఛార్జరు మీద 120 అని మాత్రమే ఉంటే ఆ తొడుగు పెట్టి తగిలించిన క్షణంలో పొగ వస్తుంది.

పెన్సిలు సెల్లులతో నడిచే పాత కెమేరాలు కూడా కొందరి ఇళ్లలో ఉన్నవి. వీరిది అదృష్టమే. ఆ సెల్లులు ఏ ఊరిలోనైనా దొరుకుతాయి. మళ్లీ మళ్లీ నింపుకునే రకం నికెల్ మెటల్ హైడ్రైడ్, సెల్లుకు 1.2 వోల్టులు. 2005లో సాన్యో వారు ఎనెలూప్ పేరుతో తెచ్చిన రకం మొదలు, నింపి నెలల తరబడి పెట్టినా సరుకు కారిపోని సెల్లులు వచ్చాయి. ఎప్పుడో ఒకసారి కెమేరా తీసేవారికి అవే తగును. వీటి ఛార్జరు కొనేటప్పుడు ఒక్కొక్క గూటికి ఒక్కొక్క దీపం ఉన్నదా, నిండగానే తానే ఆగుతుందా అని చూసుకోండి. మామూలు ఆల్కలైన్ సెల్లులను ఛార్జరులో పెట్టకూడదని వేరే చెప్పనక్కరలేదు. సరిగ్గా పెన్సిలు సెల్లు కొలతలోనే 14500 అనే పేరుతో 3.7 వోల్టుల లిథియం సెల్లులు కూడా అమ్ముతున్నారు. చూపుకు ఒకటే. కెమేరాలో వేస్తే మూడింతల వోల్టులు పోతాయి. సెల్లుల మీద ఆ సంఖ్య ఉంటే అక్కడే వదిలి రండి.

కొత్త ఛార్జరును మొదటిసారి వాడే రోజు ఇంట్లో ఉండండి. గచ్చు మీద గాని, రాతి పలక మీద గాని పెట్టండి. పరుపు, చాప, పుస్తకాల దొంతర, దేవుడి అలమర పనికిరావు. పావుగంటకొకసారి చేత్తో తాకి చూడండి. గోరువెచ్చన సహజం. చేయి నిలపలేనంత వేడి అయితే వెంటనే ప్లగ్గు తీసివేసి ఆ ఛార్జరు తిరిగి ఇచ్చివేయండి. దీపం పచ్చగా మారిన అరగంట తరువాత బ్యాటరీ తీసి, మీ వీధిలో రేడియో, టీవీ బాగుచేసేవారి దగ్గర వోల్టులు చూడమనండి. అయిదు నిమిషాల పని. ఒక గది 3.7 బ్యాటరీ అయితే 4.1కీ 4.2కీ మధ్య, రెండు గదులదైతే 8.2కీ 8.4కీ మధ్య ఉండవలె. 4.25, లేదా 8.5 దాటి చూపిస్తే ఆ ఛార్జరుకు ఎప్పుడు ఆపవలెనో తెలియదన్నమాట. మళ్లీ దానిలో బ్యాటరీ పెట్టవద్దు. వోల్టులు బాగా తక్కువ చూపిస్తే భయం లేదు. ఛార్జరు తొందరపడి పచ్చదీపం వెలిగించిందనో, బ్యాటరీ ముసలిదైందనో అర్థం.

ఎండాకాలం మాట. తయారీదారులు చాలామంది 5 నుంచి 40 డిగ్రీల మధ్యనే ఛార్జి చేయమంటారు. బళ్లారిలోనూ షోలాపురంలోనూ మే నెల మధ్యాహ్నం ఇంటి బయట ఎంత ఉంటుందో అక్కడివారికి మేము చెప్పవలెనా? తెల్లవారుజామున గాని, పొద్దుపోయిన తరువాత గాని పెట్టండి. అప్పుడే ఫోటోలు తీసి వేడిగా ఉన్న బ్యాటరీని కాసేపు ఆరనిచ్చి పెట్టండి. ఎండలో నిలిపిన కారులో ఛార్జరును గాని బ్యాటరీని గాని వదలకండి.

బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసిన తరువాతనే నింపవలెనని పెద్దవారు కొందరు ఇంకా నమ్ముతున్నారు. అది పాత నికెల్ కాడ్మియం సెల్లుల నాటి అలవాటు. లిథియంకు ఆ పథ్యం లేదు, పైగా అడుగంటడం దానికి కీడు. చాలారోజులు వాడకుండా దాచేటప్పుడు సగం నింపి, కెమేరా నుంచి తీసి, చల్లని పొడి చోట ఉంచండి. ఆరు నెలలకొకసారి కొంచెం నింపండి. ఉబ్బిన బ్యాటరీని ఛార్జరులో పెట్టడం, గుచ్చడం, చెత్తకుండీలో వేయడం మూడూ కూడనివే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాతవాటిని తిరిగి తీసుకునే బాధ్యత తయారీదారులది. అమ్మినచోటనో, విద్యుత్ పరికరాల వ్యర్థాలు సేకరించేవారికో ఇవ్వండి. విమానంలో వెళ్లేవారు విడి బ్యాటరీలను చేతి సంచిలోనే పెట్టుకోవలె, రేకులకు తొడుగు వేయవలె. ఛార్జరు పెట్టెలో వేసినా అభ్యంతరం లేదు.

యానాం నుంచి వచ్చిన జాబు ఒకటి మిగిలింది. ఛార్జరు మంచిదేనట, బ్యాటరీ కొత్తదేనట. అయినా దీపం ఒకసారి వెలిగి ఒకసారి ఆరుతున్నదట. గోదావరి గాలి, సముద్రపు ఉప్పు రెండూ కలిసే ఊరు గనుక రేకుల మీద పొర కట్టి ఉంటుంది. ప్లగ్గు తీసి, బ్యాటరీ రేకులనూ ఛార్జరు రేకులనూ పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. నీళ్లు, చింతపండు వద్దు. రబ్బరు పొట్టు లోపల మిగలకుండా ఊది, అప్పుడు బ్యాటరీ పెట్టి చూడండి.